గాలి బోటుకు లంగరు: ముందు నీటి అడుగు చూడండి, తర్వాతే కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర పదడుగుల పైచిలుకు గాలి నింపే బోటు ఉంది, ఇంటెక్స్ ఎక్స్‌కర్షన్ రకం. ఇద్దరు కూర్చుని గాలాలు వేస్తారు. ఎక్కువగా నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కు, అప్పుడప్పుడు రాజమండ్రి దగ్గర గోదావరికి వెళ్తారు. గాలి రేగగానే బోటు కొట్టుకుపోతోంది. ఆన్‌లైన్‌లో కిలోన్నర మడత లంగరు (కొక్కేలు ముడుచుకునే రకం), మూడున్నర కిలోల పుట్టగొడుగు లంగరు (తలకిందులు చేసిన పుట్టగొడుగు ఆకారం) చూశారు. మీ బావమరిదేమో పెయింట్ డబ్బాలో సిమెంటు పోసి ఒక కొక్కెం గుచ్చితే చాలంటున్నాడు. వీటిలో ఏది కొనాలి, బోటు చిరగకుండా ఎలా చూసుకోవాలి అన్నది మీ సందేహం.

కృష్ణ మీద, గోదావరి మీద చిన్న బోట్లలో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఒక మాట మాత్రం మొదటే చెప్పేస్తాను. లంగరుకు పెట్టే డబ్బులో సగం తాడుకూ గొలుసుకూ పెట్టండి. బోటు నిలబడటం, నిలబడకపోవడం ఎక్కువగా వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మీ బావమరిది గారి సిమెంటు డబ్బా సంగతి. కాంక్రీటు నీళ్లలో మునిగాక తన బరువులో నూటికి నలభై వంతులు పైనే కోల్పోతుంది. పది కిలోల డబ్బా అడుగుకు చేరేసరికి ఆరు కిలోలు కూడా ఉండదు. అదే ఇనుమైతే నూటికి పదమూడు వంతులే పోతుంది. పోనీ ఆ ఆరు కిలోలైనా పట్టుకుంటాయా అంటే, అదీ లేదు. గట్టి నేల మీద ఊరికే కూర్చున్న బరువు తనలో సగం లాగుడుకే జరగడం మొదలుపెడుతుంది. అంటే మీకు దక్కేది మూడు కిలోల పట్టు.

ఇప్పుడు గాలి ఎంత లాగుతుందో చూడండి. మీ బోటు, మీరిద్దరూ కలిపి ఎదురుగాలికి సుమారు ఒక చదరపు మీటరు అడ్డు పడతారనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల గాలికి బోటు మీద పడే లాగుడు రెండు కిలోలు. ఆ గాలి 40 కిలోమీటర్లయితే లాగుడు ఏడున్నర కిలోలకు చేరుతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది మరి. బోటు అడ్డం తిరిగితే ఇంకా ఎక్కువ. దీనికి తోడు అల వచ్చి ముక్కును ఎత్తినప్పుడల్లా పడే కుదుపు వేరే. సెకనుకు ఒక మీటరు ప్రవాహం, అంటే మనిషి తీరిగ్గా నడిచేంత వేగం, ఒక్కటే నాలుగైదు కిలోలు లాగుతుంది. పొద్దున ప్రశాంతంగా ఉన్నప్పుడు సిమెంటు డబ్బా బాగానే నిలబెడుతుంది. మధ్యాహ్నం గాలి తిరిగాక, మీకు లంగరు నిజంగా కావలసిన వేళకు, అది జారిపోతుంది. పైగా పది కిలోల గరుకు సిమెంటు గడ్డను ఆ పల్చటి పీవీసీ ట్యూబు మీదుగా ఎక్కించడం, దించడం బోటుకు ఏమాత్రం మంచిది కాదు. అంత బరువును చేతులతో ఎత్తేటప్పుడు మీరు ఒకవైపుకు వంగుతారు, బోటూ వంగుతుంది.

అసలైన లంగరు బరువు మీద పని చేయదు. నాగలి కర్రు నేలలోకి దిగినట్టు దాని కొక్కేలు అడుగులోకి దిగాలి, లేదా ఏ రాతి సందులోనో చిక్కుకోవాలి. అలా దిగాలంటే తాడు దాన్ని నేల వెంబడి అడ్డంగా లాగాలి. పైకి లాగితే ఊడి వచ్చేస్తుంది. అందుకే తాడు పొడవు అంత ముఖ్యం.

లెక్క ఇది: నీటి లోతు, దానికి నీటి నుంచి బోటు ముక్కు ఎంత ఎత్తులో ఉందో అదీ కలుపుకోండి. ఆ మొత్తానికి ఐదింతల తాడు వదలాలి. గాలి గట్టిగా ఉంటే ఏడింతలు. రెండున్నర బారల లోతు, అంటే పదిహేను అడుగులు ఉందనుకోండి. ముక్కు ఎత్తు ఒక అడుగు. పదహారును ఐదుతో హెచ్చిస్తే ఎనభై అడుగులు. మూడింతలే వదిలితే తాడు నేలతో దాదాపు 20 డిగ్రీల కోణం చేస్తుంది. ఐదింతలైతే పదకొండు పన్నెండు డిగ్రీలు, ఏడింతలైతే ఎనిమిది. ఆ తేడా చాలు, కూర్చున్న లంగరు ఊడిపోవడానికైనా, ఊడినది మళ్లీ దిగడానికైనా. లంగరు నిలవడం లేదని బాధపడే వాళ్ల తాడు చూస్తే చాలామందికి లోతు కంటే నాలుగు అడుగులు ఎక్కువ ఉంటుంది, అంతే. వాళ్లు ఇంకా బరువైన లంగరు కోసం వెతుకుతుంటారు.

తాడుకూ లంగరుకూ మధ్య నాలుగైదు అడుగుల గొలుసు తప్పకుండా పెట్టండి. 6 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొలుసు మీటరుకు 800 గ్రాముల దాకా తూగుతుంది. హార్డ్‌వేర్ షాపులో కోసి ఇస్తారు. దాని పని రెండు రకాలు. తాడు చివరను నేల మీద పడుకోబెట్టి లంగరును అడ్డంగా లాగిస్తుంది. అడుగున రాళ్లకు తాడు ఒరుసుకుని తెగిపోకుండా కాపాడుతుంది. గొలుసును లంగరుకు డి-షాకిల్‌తో (మర పిన్నుతో మూసుకునే ఇనుప కొలికి) కలిపి, షాకిల్ పిన్ను ఊడకుండా ఒక చిన్న తీగ చుట్టండి. నీళ్లలో కదిలి కదిలి పిన్నులు వాటంతటవే మర తిరిగి వచ్చేస్తాయి. గొలుసు బోటుకు తగలకుండా పాత సైకిల్ ట్యూబు తొడిగితే ఇంకా మంచిది.

తాడు విషయంలో ఒక్క జాగ్రత్త. మనకు ఊళ్లలో తేలిగ్గా దొరికేది బోరు మోటారు దించే నీలం తాడు. గట్టిదే, చవకే, కానీ నీటి మీద తేలుతుంది. వదులుగా ఉన్నప్పుడు పాములా పైకి తేలి మోటారు ఫ్యానుకు చుట్టుకుంటుంది, లేకపోతే మీ గాలం దారానికి చిక్కుకుంటుంది. ఎండకు పెళుసెక్కి పీచులు లేస్తుంది. నైలాన్ తాడు కొనండి. అది మునుగుతుంది, కాస్త సాగుతుంది. అల కుదుపు వచ్చినప్పుడు ఆ సాగుడే లంగరు ఊడకుండా, బోటు రింగు ఊడకుండా చూస్తుంది. మీ బోటు బలానికి 6 మిల్లీమీటర్ల తాడు కూడా ఎక్కువే. కానీ తడి చేత్తో లాగినప్పుడు సన్న తాడు అరచేతిని కోస్తుంది, అందుకే 8 మిల్లీమీటర్లు తీసుకోమంటాను. పొడవు 30 మీటర్లు ఉంటే మీరు చెప్పిన చోట్లకు సరిపోతుంది. రెండు మూడు మీటర్లకొకసారి రంగు దారం కట్టి గుర్తు పెట్టుకుంటే ఎంత వదిలారో చేతికే తెలుస్తుంది.

ఇక లంగరు రకం. ఇక్కడే అడుగు చూడాలి.

సాగర్ బ్యాక్‌వాటర్‌లో అడుగు ఒకేలా ఉండదు. ఒకప్పుడు లోయ అది. 1967లో డ్యామ్ పూర్తయి నీళ్లు నిండకముందు అక్కడ పొలాలు, గుట్టలు, చెట్లు ఉండేవి. కొన్ని చోట్ల బండలు, మునిగిన మొద్దులు, ఒడ్డు వాలుగా ఉన్నచోట్ల మెత్తటి ఒండ్రు. ఇలాంటి చోట నాలుగు కొక్కేల మడత లంగరు పనికొస్తుంది. దాని స్వభావం ఏదో ఒకదాన్ని పట్టుకోవడం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటును ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప రోపులూ వేసి పట్టి లాగడం మనందరం టీవీలో చూశాం. కొక్కేల లంగరు దేన్నైనా పట్టుకుంటే ఎంత బలంగా పట్టుకుంటుందో అక్కడ కనిపించింది. అదే లక్షణం మీకు ఇబ్బంది కూడా. రాతి సందులో ఇరుక్కుంటే మీ చేతులకు రాదు. దానికి మార్గం కింద చెబుతాను. మెత్తటి బురదలో మాత్రం ఈ లంగరు అంత గొప్పగా నిలవదు. సన్నటి కొక్కేలు బురదను చీల్చుకుంటూ వచ్చేస్తాయి. అలాంటి చోట తాడు ఇంకా ఎక్కువ వదలడం ఒక్కటే దారి.

మీరు చూసిన కిలోన్నర సైజు ఒక్కడు కూర్చునే కయాక్‌కు సరి. ఇద్దరు మనుషులు, మోటారు, బ్యాటరీతో ఉన్న మీ బోటుకు రెండున్నర లేదా మూడు కిలోలకు దగ్గర్లో ఉన్నది తీసుకోండి. మడిచాక కొక్కేలు బయటికి రాకుండా పట్టే కాలర్ గట్టిగా ఉందో లేదో చూసి కొనండి. చవక రకాల్లో అది వదులుగా ఉండి బోటులోనే విచ్చుకుంటుంది.

పుట్టగొడుగు లంగరు మీద చాలామందికి మోజు ఉంటుంది, ఎందుకంటే దానికి మొనలు ఉండవు, రబ్బరు పూత ఉంటుంది, బోటు చిరగదు. అది నిజమే. కానీ ఈ ఆకారాన్ని 19వ శతాబ్దం మొదట్లో రాబర్ట్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు ఒక దీపపు ఓడను (దీపస్తంభంలా వెలుగు చూపే ఓడ) సముద్రంలో స్థిరంగా నిలపడానికి తయారు చేశాడు. ఆ లంగరు బరువు ఒకటిన్నర టన్నులు. అంత బరువు నెలల తరబడి బురదలో కూరుకుపోయి గట్టిగా నిలుస్తుంది. మూడున్నర కిలోలది రెండు గంటల్లో ఎక్కడా కూరుకోదు, సిమెంటు డబ్బాకు తమ్ముడిలా ప్రవర్తిస్తుంది. చెరువులో, గాలి లేని పొద్దున, కొర్రమీను కోసం నాచు పక్కన ఆగడానికి చాలు. సాగర్‌కు వద్దు.

రాజమండ్రి దగ్గర గోదావరి అడుగు చాలాచోట్ల ఇసుక. ఇసుకకు అన్నిటికంటే బాగా పనిచేసేది డాన్‌ఫోర్త్ రకం, రెండు వెడల్పాటి రేకులు మడత కీలు మీద అటూ ఇటూ ఊగుతాయి. అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ దీన్ని తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒడ్డెక్కిన సైనిక పడవలు తమ లంగరు తామే లాక్కుని మళ్లీ నీళ్లలోకి రావడానికి వాడారు. ఇసుకలో, గట్టి బురదలో రెండు కిలోల డాన్‌ఫోర్త్ తన బరువుకు ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. రాళ్లలో మాత్రం పనికిరాదు. గుర్రపుడెక్క వేళ్లు, నాచు రేకులకు చుట్టుకుంటే లోపలికి దిగదు. దాని మూలలు పదునుగా ఉంటాయి కాబట్టి మీ బోటులో దాన్ని ఒక మందపాటి గోనెసంచిలోనే ఉంచాలి. నాగలి ఆకారంవీ, కొత్తగా వచ్చే వంపు రేకులవీ మంచి లంగర్లే, కానీ అవి పెద్ద బోట్లకు. మీ బోటులో వాటిని పెట్టుకునే చోటే ఉండదు.

ఒక్క లంగరే కొనగలిగితే మడత లంగరు కొనండి. గోదావరికి తరచుగా వెళ్లేట్టయితే డాన్‌ఫోర్త్ తర్వాత కొనుక్కోవచ్చు, గొలుసూ తాడూ అవే రెండింటికీ పనికొస్తాయి. చెరువులకు ఏమీ కొనక్కర్లేదు. ఖాళీ యూరియా సంచిని సగానికి మడిచి కుట్టి, ఒడ్డునే ఇసుకో మట్టో నింపి తాడు కట్టండి. బోటుకు గీత కూడా పడదు, ఇంటికెళ్లేటప్పుడు ఒలకబోసి సంచి మడిచి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు చిక్కుకున్న లంగరు సంగతి. తాడును లేదా గొలుసును లంగరు పై రింగుకు కట్టకండి. కింద కొక్కేలు కలిసే చోట, అడుగు భాగాన ఉన్న రంధ్రానికి షాకిల్ వేసి గొలుసు బిగించండి. ఆ గొలుసును లంగరు కాడ వెంబడి పైకి తెచ్చి, పై రింగుకు ఒక ప్లాస్టిక్ జిప్ టైతో కట్టండి. మామూలుగా లాగినంతసేపు లాగుడు పై రింగు నుంచే వెళ్తుంది, లంగరు సరిగ్గా పనిచేస్తుంది. రాతిలో ఇరుక్కున్నప్పుడు బోటును సరిగ్గా లంగరు మీదికి తెచ్చుకుని, తాడును బిగించి గట్టిగా ఒక్క లాగు లాగితే జిప్ టై తెగుతుంది. అప్పుడు లాగుడు అడుగు నుంచి పడి, లంగరు వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది. ఏ సైజు టై వాడాలన్నది ఒడ్డు మీద చెట్టుకు కట్టి లాగి చూసి తేల్చుకోండి. మరీ సన్నదైతే గాలి కుదుపుకే తెగుతుంది, మరీ లావుదైతే మీ వల్ల కాదు. డబ్బాలో పది టైలు ఎప్పుడూ ఉంచుకోండి.

బోటుకు ఎక్కడ కట్టాలన్నది లంగరు రకం కంటే ముఖ్యం. ఎప్పుడూ ముక్కుకే. వెనక చెక్కకు, మోటారు ఉన్న వైపు కడితే ఆ వైపు ఇప్పటికే బరువుతో కుంగి ఉంటుంది. అల గాని ప్రవాహం గాని అక్కడ తగిలితే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. పక్క రింగుకు కడితే ప్రవాహంలో బోటు అడ్డం తిరిగి ఒరిగిపోతుంది. గాలానికి ఈ వైపు అనుకూలం అని కొందరు పక్కకు కడతారు. నిలకడ నీళ్లలో సరే, నదిలో దయచేసి వద్దు.

మీ రకం బోట్లలో ముక్కు దగ్గర ఉన్న రింగు అతికించినదే. మోసుకెళ్లే హ్యాండిల్‌కు కట్టకండి. రెండు వైపులా రింగులుంటే ఒక చిన్న తాడును రెండింటికీ కట్టి, మధ్యలో లంగరు తాడు తగిలించండి, లాగుడు రెండింటి మీదా పడుతుంది. తాడు ట్యూబుకు ఒరుసుకునే చోట జానెడు తోట పైపు ముక్కను చీల్చి తొడగండి. ట్యూబు చిరగడం మొన తగలడం వల్లే అనుకుంటారు. కానీ గంటల తరబడి ఇసుక అంటిన తాడు ఒకేచోట రాసుకుంటే పీవీసీ పొర అరిగిపోతుంది. మీరు బోటు మడిచేటప్పుడు అక్కడ వేలితో తడిమి చూస్తే గరుకుగా తగులుతుంది.

తాడు, గొలుసు, లంగరు అన్నీ ఒక 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో పెట్టుకోండి. ముందు తాడును చివరి నుంచి వదులుగా పోస్తూ రండి, చుట్టలు చుట్టకండి. పైన గొలుసు, దాని మీద లంగరు. వేసేటప్పుడు ఒక్క చిక్కు లేకుండా పోతుంది. బకెట్ అడుగున రెండు రంధ్రాలు పెట్టి, కింద ఒక పాత యోగా మ్యాట్ ముక్క వేస్తే తడి, బురద ఒకచోటే ఉంటాయి.

లంగరును విసరకండి. విసిరితే కొక్కెం ట్యూబుకైనా తగులుతుంది, మీ కాలికి తాడైనా చుట్టుకుంటుంది. గాలికి ఎదురుగా తెడ్డు వేసుకుంటూ మీరు ఆగదలచిన చోటు దాటి ముందుకు వెళ్లండి. బోటు ఆగాక లంగరును చేత్తో నెమ్మదిగా దించండి. అడుగు తగలగానే తాడు వదులవుతుంది. అప్పుడు గాలికి బోటును వెనక్కి పోనిస్తూ తాడు వదులుతూ ఉండండి. సగం వదిలాక ఒకసారి మెల్లగా బిగించండి, కొక్కెం దిగుతుంది. మొత్తం వదిలాక తాడు మీద రెండు వేళ్లు వేసి చూడండి. పట్టుకున్న లంగరు తాడు బిగుతుగా, నిశ్శబ్దంగా ఉంటుంది. జారుతున్నదైతే సన్నగా కొట్టుకుంటుంది, రాళ్ల మీద గీరుతున్న అదురు వేలికి తెలుస్తుంది. ఒడ్డున ఒక చెట్టును, దాని వెనక గుట్ట మీద ఒక బండను ఒకే గీతలో పెట్టుకోండి. పావుగంట తర్వాత అవి విడిపోతే మీరు కదిలినట్టే.

ఎనభై అడుగుల తాడు వదిలారంటే గాలి తిరిగినప్పుడు దాదాపు అంత దూరం గుండ్రంగా తిరుగుతారని మరిచిపోకండి. ఆ పరిధిలో బండలు ఉండకూడదు, వలలు అసలే ఉండకూడదు. నీటి మీద థర్మాకోల్ ముక్కలో, ఖాళీ నీళ్ల సీసాలో వరసగా కనిపిస్తే కింద వల ఉన్నట్టు. మీ లంగరు ఒకరి వలను చించితే వాళ్ల ఆ రోజు కూలి, ఆ వారం పని రెండూ పోతాయి. రిజర్వాయర్లలో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సొసైటీలది, సాగర్ ఒడ్డులో చాలా భాగం పులుల అభయారణ్యం పరిధిలోకి వస్తుంది. ముందే అడిగి, అనుమతి ఉన్నచోటే దిగండి. సాగర్‌లో మొసళ్లు ఉన్నాయి, చిక్కిన తాడు తీయడానికి నీళ్లలో చేతులు పెట్టడం, దిగడం వద్దు.

నదిలో లంగరు వేయడం గురించి గట్టిగానే చెబుతాను. తాడు బిగిసి ముక్కు కిందికి లాగబడుతూ, ట్యూబు ముందు నీళ్లు పొర్లుతుంటే ఒక్క నిమిషం కూడా ఉండకండి. మనిషి నడక కంటే వేగంగా పారే నీళ్లలో ఇలాంటి బోటును లంగరుతో ఆపనే కూడదు. డ్యామ్ కింది భాగాన, పవర్‌హౌస్ కింద అసలే వద్దు. గేట్లు ఎత్తితే నిమిషాల్లో మట్టం, వేగం మారతాయి. 2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ విద్యార్థులు పైనుంచి వదిలిన నీళ్లకే కొట్టుకుపోయారు. అలాంటప్పుడు లంగరు వేసిన బోటు పైకి తేలడం కుదరదు, పక్కకు తప్పుకోవడమూ కుదరదు.

అందుకే తాడును బోటుకు ముడి వేసి వదిలేయకండి. తాడు చివర ఖాళీ ఐదు లీటర్ల నూనె క్యాను మూత బిగించి కట్టండి. బోటు దగ్గర ఒక కారబైనర్ హుక్కుతోనో (స్ప్రింగు నాలుకతో మూసుకునే హుక్కు), ఒక్క లాగుకు ఊడే జారుముడితోనో తగిలించండి. పరిస్థితి తేడాగా అనిపిస్తే హుక్కు విప్పేసి వెళ్లిపోండి. క్యాను తేలుతూ ఉంటుంది, నెమ్మదించాక వచ్చి తీసుకోవచ్చు. బిగిసిన తాడుకు హుక్కు రాని సందర్భం కూడా ఉంటుంది కాబట్టి ఒర ఉన్న చిన్న కత్తిని లైఫ్ జాకెట్‌కే కట్టుకోండి, సంచిలో కాదు. లైఫ్ జాకెట్ ఇద్దరి ఒంటి మీదా ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాను.

మూడు బారలు దాటిన లోతులో మీ 30 మీటర్ల తాడు చాలదు. అక్కడ లంగరు ప్రయత్నం మానేసి, నీటి గొడుగు వాడండి. గుడ్డతో గరాటు ఆకారంలో ఉంటుంది, ముక్కుకు కట్టి నీళ్లలో వదిలితే నిండి, బోటును గాలికి ఎదురుగా తిప్పి పట్టుకుని, కొట్టుకుపోయే వేగాన్ని బాగా తగ్గిస్తుంది. ఆపదు, నెమ్మదిగా జరుపుతుంది. జెల్లల కోసం లోతు నీళ్లలో గాలం లాగేవాళ్లకు నిజానికి అదే అనుకూలం.

కొన్నాక మొదటిసారి గాలి లేని రోజున, ఒడ్డుకు దగ్గరగా, నడుముల్లోతులో వేసి చూడండి. నీళ్లు తేటగా ఉంటే కొక్కెం ఎలా దిగుతోందో కంటికే కనిపిస్తుంది. మూడింతల తాడుతో ఒకసారి, ఏడింతలతో ఒకసారి మోటారు వెనక్కి నడిపి లాగి చూడండి. జిప్ టైని కూడా అక్కడే ఒకసారి కావాలని తెంపి, మళ్లీ కట్టుకోవడం ఇద్దరూ నేర్చుకోండి.